మనసు బాగోలేనప్పుడు ఏ లీవు పెట్టాలి? వైజాగ్ ఉద్యోగుల కోసం

లీవు అప్లికేషన్లు చూసే ఉద్యోగం నాది. మధురవాడ వైపు ఐటీ ఆఫీసులోనూ చేశాను, పరవాడ వైపు ఫార్మా కంపెనీలోనూ చేశాను. రెండు చోట్లా ఎక్కువగా కనిపించే కారణం ఒక్కటే, వైరల్ ఫీవర్. మన ఊళ్లో దోమలకు కొదవలేదు, ఒప్పుకుంటాను. కానీ నెలకు రెండుసార్లు, అదీ వీక్లీ ఆఫ్‌కి ఆనుకుని వచ్చే జ్వరం దోమకాటుది కాదని లీవు పెట్టేవాళ్లకూ తెలుసు, అప్రూవ్ చేసేవాళ్లకూ తెలుసు. రాత్రంతా నిద్ర పట్టదు, పొద్దున కంపెనీ బస్సు హారన్ వినగానే గుండె దడ, స్నానం చేయడానికి కూడా ఓపిక ఉండదు. వీటికి ఏం పేరు పెట్టాలో తెలియక జ్వరం అని రాసేస్తారు. మేనేజరు మారు ప్రశ్న వేయకుండా ఒప్పుకునే జబ్బు అదొక్కటే మరి.

ఇలాంటి స్థితిలో ఉన్నవాళ్ల ముందు దారులు చాలానే ఉన్నాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఉద్యోగం మానేయడం ఆఖరి దారి. డాక్టరు కాగితంతో పెట్టే మెడికల్ లీవు చాలామందికి సరైన దారి. అందరూ ఎంచుకునే జ్వరం లీవు మాత్రం చవగ్గా కనిపిస్తుంది గానీ అన్నిటికన్నా ఖరీదు పడుతుంది.

ఒక్క మాట ముందు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే లీవు సంగతి తర్వాత. ఇంట్లో ఒకరికి చెప్పండి, ఒంటరిగా ఉండకండి. 108కి ఫోన్ చేయండి, లేదా కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకి వెళ్లండి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆఫీసుకు మెసేజ్ మీ తరఫున ఇంకెవరైనా పెట్టొచ్చు.

అలసటా, జబ్బా, ఆఫీసా?

ఏ లీవు అన్నది తేలాలంటే ముందు ఇది తేలాలి. దీనికి నేను వాడే కొలత సెలవు రోజు సాయంత్రం. ఆదివారం పిల్లలతో ఆర్కే బీచ్‌కి వెళ్లారు. అక్కడ మామిడికాయ ముక్కలకు ఉప్పూ కారం అద్దుకుని తింటూ మామూలుగా ఉండగలిగి, ఇంటికొచ్చి రేపటి టిఫిన్ బాక్సు గుర్తుకు రాగానే కడుపులో తిప్పడం మొదలైతే, గొడవ ఎక్కువగా ఆఫీసుతోనే. బీచ్‌లో కూడా ఏదీ రుచించక, పిల్లాడు మాట్లాడుతున్నా చెవికెక్కక, ఇంటికెళ్లి పడుకుంటే బాగుండు అనిపిస్తే అది మీతో పాటు ఇంటికీ బీచ్‌కీ వస్తోందన్నమాట. అది రెండు వారాలు దాటి రోజూ అలాగే ఉంటే డాక్టరుకు చూపించుకోవాల్సిందే. డిప్రెషన్ అని నిర్ధారించడానికి డాక్టర్లు చూసే కనీస గడువు కూడా రెండు వారాలే. నా కొలత మోటు కొలతే, డాక్టరు చూసే చూపుకి సాటి రాదు. లీవు ఎన్నుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

ఈమధ్య అందరి నోటా ‘బర్నౌట్’ (పని ఒత్తిడితో పూర్తిగా డీలా పడిపోవడం) అన్న మాట వినిపిస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ కోసం తయారుచేసిన తన ఐసీడీ-11 జాబితాలో దాన్ని పనికి సంబంధించిన పరిస్థితిగా పెట్టింది గానీ జబ్బుగా లెక్కేయలేదు. అందుకని ఆ ఒక్క మాట రాసిన సర్టిఫికెట్ తెస్తే హెచ్‌ఆర్ నసగొచ్చు. డాక్టరు పరీక్షించి యాంగ్జైటీ అనో, డిప్రెషన్ అనో, సర్దుబాటు సమస్య అనో తేల్చి రాస్తే దానికి మెడికల్ లీవు విలువ వస్తుంది.

రెండు రోజుల సీఎల్ (క్యాజువల్ లీవు)

అలసటకు ఇది చాలు. నిద్ర తీరుతుంది, బట్టలు ఉతుక్కుంటారు, అమ్మతో కాసేపు మాట్లాడతారు. కారణం అడిగితే ‘సొంత పని’ అనండి, అబద్ధం కాదు. ఈ రెండు రోజుల్లో అరకు ట్రిప్ పెట్టుకోవద్దని మాత్రం నా సలహా. పొద్దున్నే రైలు, ఘాట్ రోడ్డులో తిరుగు ప్రయాణం, మర్నాడు డ్యూటీ అంటే ఉన్న అలసటకు ఇంకొంత చేరుతుంది.

జబ్బుకు మాత్రం సీఎల్ సరిపోదు. జ్వరం లీవు దెబ్బ కొట్టేది ఇక్కడే. రెండేసి రోజులుగా ఆరేడుసార్లు పెడితే సీఎల్‌లు అయిపోతాయి, వైద్యం మొదలే కాదు. నాలుగో నెలలో పనితీరు మీద మెయిల్ వస్తుంది. అప్పుడు మీరు ‘నాలుగు నెలలుగా ఆరోగ్యం బాగోలేదు’ అంటారు. రికార్డులో ఉన్నది ఏడు వైరల్ ఫీవర్లు. మిమ్మల్ని సమర్థించాలనుకునే హెచ్‌ఆర్ మనిషికి కూడా చేతిలో ఒక్క కాగితం ఉండదు.

మెడికల్ లీవు: రోజులు మీరు లెక్కేయకండి

‘ఒక వారం చాలులెండి, క్వార్టర్ ఎండింగ్ ఉంది’ అని డాక్టరుతో బేరమాడేవాళ్లు చాలామంది. డిప్రెషన్‌కి వాడే మందుల్లో చాలావాటికి పనిచేయడం మొదలవ్వడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, పూర్తి ఫలితానికి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మొదటి వారంలో వికారం, మగత, కొంచెం గాభరా ఎక్కువవడం లాంటివి ఉండొచ్చు. అంటే ఒక్క వారం లీవు పెట్టినవాళ్లు సైడ్ ఎఫెక్టులు మాత్రమే అనుభవించి, మేలు కనిపించేలోపు డ్యూటీలో చేరతారు. ‘మందులు పడలేదు’ అని తమంతట తామే ఆపేస్తారు. అలా హఠాత్తుగా ఆపడం మంచిది కాదు కూడా. అందుకే మందులు మొదలుపెడుతున్నవాళ్లకు రెండు మూడు వారాల లీవుతో మొదలుపెట్టి, డాక్టరును రెండోసారి కలిశాక పొడిగించాలో వద్దో చూసుకోవడమే మేలు. మందులు అవసరం లేదు, కౌన్సెలింగ్ చాలన్నారనుకోండి. వారానికోసారి కూర్చునే ఆ గంట కోసం నెల లీవు అక్కర్లేదు, ఆ ఒక్క పూట పర్మిషన్ చాలు.

సర్టిఫికెట్ ఎవరివ్వాలి? రిజిస్టర్డ్ డాక్టరు, మానసిక జబ్బుకైతే సైకియాట్రిస్టు. సైకాలజిస్టు, కౌన్సెలరు చేసే సాయం గొప్పదే గానీ వాళ్లు మందులు రాయరు, లీవుకు వాళ్ల లెటరు ఒక్కటే ఇస్తే చాలా కంపెనీల్లో చెల్లదు.

ప్రైవేటు డాక్టరు ఫీజు భారమైతే కేజీహెచ్ ఉంది, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. 1871లో పెట్టిన ఆసుపత్రి, ఇప్పుడు ఆంధ్రా మెడికల్ కాలేజీకి అనుబంధం. పేరు వినగానే మనవాళ్ల మొహం మారిపోతుంది, నాకు తెలుసు. ‘వీణ్ణి చినవాల్తేరు పంపాలిరా’ అన్న వెటకారం వింటూ పెరిగినవాళ్లమే అందరం. అక్కడికి వెళ్తే గేటు లోపల పెట్టేస్తారన్న భయం మాత్రం ఉత్తదే. ఓపీ చీటీ తీసుకుని, చూపించుకుని, మాత్రలు తీసుకుని మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేవాళ్లే ఎక్కువ.

ఇక కారణం ఎంతవరకు చెప్పాలన్నది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత వైద్యం చేసేవాళ్లది. మీ మేనేజరుకు జబ్బు పేరు తెలియాల్సిన పనిలేదు. సర్టిఫికెట్ హెచ్‌ఆర్‌కి, లీవు విషయం మాత్రమే మేనేజరుకి, అలా విడదీయండి. నేను చాలామందికి రాసిచ్చే మెసేజ్ ఇది, కావాలంటే ఇలాగే వాడుకోండి:

‘సార్, ఆరోగ్యం బాగోలేదు. డాక్టరు గారు మూడు వారాలు రెస్ట్ రాశారు. సర్టిఫికెట్ హెచ్‌ఆర్‌కి మెయిల్ చేశాను. నా దగ్గరున్న ఫైళ్లు టీమ్‌కి అప్పజెప్పాను. 24న డాక్టరును మళ్లీ కలిశాక ఎప్పుడు వస్తానో చెబుతాను.’

ఇందులో క్షమాపణ లేదు, అబద్ధం లేదు, జబ్బు పేరూ లేదు. ఎవరైనా ‘ఏమైంది అసలు?’ అని గుచ్చి అడిగితే ‘ట్రీట్‌మెంట్ జరుగుతోంది సార్’ అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోండి.

కోటా సంగతి. దుకాణాలు, ఆఫీసులకు వర్తించే మన రాష్ట్ర 1988 చట్టం ప్రకారం ఏడాదికి 12 రోజుల సిక్ లీవు, 12 రోజుల క్యాజువల్ లీవు, 240 రోజులు పనిచేశాక 15 రోజుల ఎర్న్‌డ్ లీవు (ఈఎల్) జీతంతో ఇవ్వాలి. సిక్ లీవు ముందు వాడండి, ఈఎల్ తర్వాత. చాలాచోట్ల ఈఎల్‌కి డబ్బు చేతికొస్తుంది, సిక్ లీవు వాడకపోతే గాలికి పోతుంది.

నెల జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా)

సెక్యూరిటీ గార్డులు, షోరూమ్ పిల్లలు, ఫార్మా కాంట్రాక్టు కార్మికులు ఈ దారిని దాదాపు ఎవరూ వాడుకోరు. జీతంలో 0.75 శాతం మీ దగ్గర, 3.25 శాతం కంపెనీ దగ్గర ప్రతి నెలా పట్టుకునేది ఇందుకు కూడా. ఆర్నెల్ల చందా కాలంలో 78 రోజులకు చందా పడి ఉంటే, జబ్బు చేసినప్పుడు సగటు రోజు జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది. రోజుకు 600 రూపాయల లెక్కన ఉన్నవాళ్లకు 420 వస్తుందన్నమాట. కంపెనీతో పనిలేకుండా ఈఎస్‌ఐసీ నుంచి మీ బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. మొదటి రెండు రోజులకు మాత్రం సాధారణంగా ఇవ్వరు.

అంతకన్నా తక్కువమందికి తెలిసింది ఇంకొకటి ఉంది. దీర్ఘకాలిక జబ్బులకు ఇచ్చే పొడిగింపు ప్రయోజనంలో స్కిజోఫ్రీనియా, తీవ్రమైన డిప్రెషన్‌లో ఒక రకం, బైపోలార్ (ఉన్మాదం, దిగులు మార్చి మార్చి వచ్చే జబ్బు) లాంటివి కూడా ఉన్నాయి. వాటికి 80 శాతం చొప్పున, అర్హతను బట్టి రెండేళ్ల వరకు ఇచ్చే వీలుంది. దీనికి కనీసం రెండేళ్ల ఉద్యోగం ఉండాలి.

మెలిక ఒక్కటే, సర్టిఫికెట్ ఈఎస్‌ఐ డాక్టరుదై ఉండాలి. నెలరోజులు ప్రైవేటులో చూపించుకుని, ఆ చీటీలు పట్టుకుని తర్వాత క్లెయిమ్‌కి వెళ్తే తిరగలేక చస్తారు. మొదటి రోజే మీ డిస్పెన్సరీకి వెళ్లి, అక్కడి నుంచి మల్కాపురం ఈఎస్‌ఐ ఆసుపత్రికో, వాళ్లు రిఫర్ చేసిన చోటికో వెళ్లండి. క్యూ ఉంటుంది, విసుగొస్తుంది. తోడు ఒకరిని తీసుకెళ్లండి.

సర్కారు కొలువైతే

డాక్‌యార్డు, రైల్వే, పోర్టు, బడి, సచివాలయం, ఎక్కడ పనిచేసినా మీ చేతిలో ఉన్న పెద్ద ఆస్తి అర్ధవేతన సెలవు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఏడాదికి 20 రోజులు జమ అవుతుంది. మెడికల్ సర్టిఫికెట్ మీద దాన్ని కమ్యూట్ చేసుకుంటే రెండు రోజులు ఖర్చుపెట్టి ఒక రోజు పూర్తి జీతం తీసుకోవచ్చు. పదేళ్ల సర్వీసులో అసలు వాడని మనిషికి అలా 100 రోజులు. రాష్ట్ర ఉద్యోగులకు కమ్యూటేషన్ మీద సర్వీసు మొత్తానికి 240 రోజుల పరిమితి ఉంది. పోర్టు లాంటి సంస్థల్లో సొంత నిబంధనలుంటాయి, చూసుకోండి. ఈఎల్ ముట్టుకోకండి, రిటైరయ్యేటప్పుడు డబ్బవుతుంది.

‘రికార్డులో మానసిక జబ్బు అని పడితే ప్రమోషన్ పోతుంది, ఉద్యోగం పోతుంది’ అన్న భయం ఇక్కడ మరీ ఎక్కువ. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో మానసిక అనారోగ్యమూ ఒకటి. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిందని ప్రభుత్వ సంస్థ ఉద్యోగిని తీసేయడానికీ, హోదా తగ్గించడానికీ ఆ చట్టం 20వ సెక్షన్ ఒప్పుకోదు. అందరి కేసూ వైకల్యం దాకా పోదు కూడా. మూడు వారాల కమ్యూటెడ్ లీవు వల్ల ఎవరి సర్వీసు రిజిస్టరూ తగలబడదు.

షిఫ్టు మార్చుకుంటే సరిపోతుందేమో చూడండి

లీవు అసలు అక్కర్లేకపోవచ్చు. స్టీల్‌ప్లాంటులో సీ షిఫ్టు (రాత్రి డ్యూటీ) చేసేవాళ్లు, రుషికొండ మీద అమెరికా క్లయింట్ల కోసం రాత్రంతా ఫోన్లు మాట్లాడేవాళ్లు పోగొట్టుకుంటున్నది ముందుగా నిద్ర. నిద్ర చెడితే దిగులు ముదురుతుంది, బైపోలార్ ఉన్నవాళ్లకు నిద్రలేమి వల్ల ఉన్మాద దశ తిరగబెట్టే ప్రమాదం ఉంది. పదిహేను రోజుల లీవు పెట్టి మళ్లీ నైట్ డ్యూటీకి వెళ్తే మొదటికొస్తుంది. ‘మూడు నెలలు నైట్ డ్యూటీ వద్దు’ అని డాక్టరు చేత రాయించుకోండి. జీతం కట్ లేదు, లీవు ఖర్చు లేదు. పోయేది నైట్ అలవెన్సు. కాగితం ఉంటే సూపర్‌వైజర్లు కూడా రోస్టర్‌లో సర్దుతారు, నోటిమాటగా అడిగితే ‘అందరికీ ఉండేదే కదా’ అంటారు.

వర్క్ ఫ్రమ్ హోమ్‌ని మాత్రం విశ్రాంతిగా లెక్కేయకండి. మనుషులు ఎదురుపడితే భయం వేసేవాళ్లకు కొన్నాళ్లు ఊరట. దిగులుతో మంచం దిగలేనివాళ్లకు అది ఆ మంచం మీదే లాప్‌టాప్ పెట్టుకోవడం.

జీతం లేని సెలవు, రాజీనామా

లీవులన్నీ అయిపోయాక లాస్ ఆఫ్ పే. ఇంటి ఈఎంఐ, స్కూలు ఫీజు లెక్క వేసుకుని, ముందుగా మెయిల్‌లో అనుమతి తీసుకున్నాకే పెట్టండి. ఆ నెలల్లో ఇన్సూరెన్సు కొనసాగుతుందో లేదో కూడా మెయిల్‌లోనే అడగండి. చెప్పకుండా ఆగిపోతే దాన్ని సెలవు అనరు, గైర్హాజరు అంటారు. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు ఫోన్ ఎత్తరు, మెయిల్ తెరవరు. మేం పంపే ‘ఎందుకు రావడం లేదు’ లెటర్లు పోస్టులో ఇంటికి వస్తాయి, కవరు విప్పకుండా టీవీ మీద పడి ఉంటాయి. మూడో లెటరు తర్వాత ఉద్యోగం పోతుంది. మీ ఇంట్లో ఎవరైనా ఇలా ఉంటే వాళ్ల భార్యో, తమ్ముడో, ఎవరైనా సరే హెచ్‌ఆర్‌కి రెండు లైన్లు రాయండి: ‘ఫలానా ఉద్యోగి నంబరు, ఆరోగ్యం బాగోలేదు, వైద్యం చేయిస్తున్నాం, సర్టిఫికెట్ పంపుతాం.’ ఆ రెండు లైన్లతో ఉద్యోగాలు నిలబడటం చూశాను.

రాజీనామా మీద నాకున్న అభ్యంతరం వేరే. రిజైన్ చేస్తే రేపటి నుంచి వెళ్లక్కర్లేదు అనుకుంటారు. ఐటీలో రెండు మూడు నెలల నోటీసు పీరియడ్ మామూలు. ఆ రోజుల్లో లీవు అడిగితే చాలాచోట్ల ఇవ్వరు, ఇస్తే నోటీసు పీరియడ్‌ని అన్ని రోజులు పొడిగిస్తారు. అంటే ఒంట్లో అసలు బాగోలేని మూడు నెలలూ డ్యూటీ చేయాల్సిందే. ఆఖరి రోజుతో కంపెనీ ఇన్సూరెన్సు ఆగిపోతుంది. ఐదేళ్లు నిండకముందే మానేస్తే గ్రాట్యుటీ చేజారొచ్చు. పైగా ఆ దిగులులో ఏదీ ఎప్పటికీ మారదనిపిస్తుంది. వైద్యం మొదలై ఆరు వారాలు గడిచాక కూడా మానేయాలనే ఉంటే అప్పుడు మానేయండి, ఎవరూ ఆపరు.

గొడవ నిజంగా ఆఫీసుతోనే అయితే లెక్క మారుతుంది. ఆ బాసు దగ్గరికే తిరిగి వెళ్లేటట్టయితే నెల లీవు పెట్టినా ఉపశమనం నెలే, ట్రాన్స్‌ఫర్ అడగడం మేలు. లైంగిక వేధింపుల ఫిర్యాదు ఇచ్చిన మహిళకైతే 2013 చట్టంలో ప్రత్యేకమైన సెలవే ఉంది. రాతపూర్వకంగా కోరితే విచారణ నడుస్తున్నంతలో మూడు నెలల వరకు సెలవు ఇవ్వమని కమిటీ సిఫారసు చేయొచ్చు, అది మీ మామూలు లీవుల్లోంచి పోదు. ప్రసవం తర్వాత డిప్రెషన్ వచ్చినవాళ్లకు 26 వారాల మెటర్నిటీ లీవు పైన, ప్రసవం వల్ల వచ్చిన జబ్బని రుజువు చూపిస్తే ఇంకో నెల జీతంతో ఇవ్వాలి. ఇది అడిగినవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు.

ఇంట్లో, మళ్లీ డ్యూటీలో

ఆఫీసుకు చెప్పడం కన్నా ఇరుగుపొరుగుకు చెప్పడం కష్టం. గాజువాకలోనో, ఎన్‌ఏడీ దగ్గరో మగమనిషి మూడు రోజులు వరుసగా ఇంట్లో కనిపిస్తే చాలు, ‘ఏటి బావా, డూటీకెళ్లలేదేటి? ఉజ్జోగం ఉందా, ఊడిందా?’ అని మొదలవుతుంది. ‘ఒంట్లో బాగోలేదు, డాక్టరు రెస్ట్ తీసుకోమన్నారు’ అన్నది చాలు. పగలంతా పడుకోకండి, లేచే టైము మార్చకండి, సాయంత్రం కాసేపు నడవండి. ఊరెళ్లాలనిపిస్తే వెళ్లండి, శ్రీకాకుళంలో అమ్మమ్మగారింట్లో వారం ఉంటే తేరుకునేవాళ్లు ఉన్నారు. పెళ్లి సంబంధాలు చూస్తామనే చుట్టాలింటికి మాత్రం వద్దు.

ఇన్సూరెన్సు సంగతి ఒకటి. శారీరక జబ్బులకు ఎలా ఇస్తారో మానసిక జబ్బులకూ అలాగే ఇవ్వాలని 2017 చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. ఆసుపత్రిలో చేరితే క్లెయిమ్ చేయండి. ఓపీ ఫీజులు, కౌన్సెలింగ్ ఖర్చు చాలా పాలసీల్లో రావు కాబట్టి అది మీ జేబులోంచేనని ముందే అనుకోండి.

తిరిగి చేరేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడుగుతారు, ఆఖరి అపాయింట్‌మెంట్‌లోనే తీసుకోండి. మళ్లీ చేరడానికి సోమవారం కన్నా గురువారం మంచిది, రెండు రోజులు చేయగానే వారాంతం వస్తుంది. మాత్రల వల్ల మగత ఉంటే క్రేన్లు, బాయిలర్లు, డ్రైవింగ్ లాంటి పనులు చేసేవాళ్లు డాక్టరుకు తమ పనేమిటో విడమరిచి చెప్పి, మోతాదు వేళలు మార్పించుకోవాలి. ఫాలోఅప్ తేదీలు వీక్లీ ఆఫ్ రోజున పడేలా అడగండి, చాలామంది డాక్టర్లు సర్దుతారు.